జీవుల పొలిమేరలు

1953లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో ఒక మహిళ రక్తదానం చేసింది. గ్రూపు చూసిన ఐవర్ డన్స్‌ఫర్డ్‌కు ఆ నమూనా కొరుకుడుపడలేదు. పరీక్ష ద్రవం కలిపితే కొన్ని ఎర్రకణాలు గుంపు కట్టాయి, మిగిలినవి విడివిడిగానే ఉండిపోయాయి. ‘ఎ’ గ్రూపు, ‘ఓ’ గ్రూపు రక్తాలు ఒకే సీసాలో కలిసి ఉన్నాయి. పోనీ ఎవరి రక్తమైనా ఎక్కించారా అంటే అదీ లేదు. నమూనా లండన్‌లో రక్త గ్రూపుల నిపుణులైన రాబర్ట్ రేస్, రూత్ శాంగర్‌ల దగ్గరికి వెళ్లింది. ఆవిడ కవలల్లో ఒకరా అని అక్కణ్నుంచి ప్రశ్న వచ్చింది. అవును, మూడు నెలల వయసులోనే పోయిన కవల సోదరుడు ఉండేవాడు. పాతికేళ్ల కిందట చనిపోయిన ఆ పసివాడి మూలకణాలు సోదరి ఎముక మజ్జలో కాపురం పెట్టి, ఇంకా రక్తం తయారు చేస్తూనే ఉన్నాయి. మనుషుల్లో కైమెరాగా నమోదైన మొదటి వ్యక్తి ఆమె. వేర్వేరు పిండాల నుంచి వచ్చిన కణాలు ఒకే దేహంలో కలిసి బతికితే ఆ దేహాన్ని కైమెరా అంటారు.

జీవశాస్త్రం లెక్కలన్నీ రెండు ప్రమాణాల మీద నడుస్తాయి. ఒకటి వ్యక్తి, అంటే ఒక జీవి. రెండోది జాతి, అంటే తమలో తాము సంతానాన్ని కనగల జీవుల సముదాయం. ఈ రెండింటి హద్దులూ నిజమైనవే కానీ వాటంతట అవి నిలబడవు. జంతువుల్లో వ్యక్తి హద్దును ప్రధానంగా రోగనిరోధక వ్యవస్థ కాపలా కాస్తుంది. జాతి హద్దును కాచేవి సంతానోత్పత్తిలోని అడ్డంకులు: జత కట్టే కాలం, పిలుపు, వాసన, క్రోమోజోముల పొంతన. కాపలా అన్నాక ఖర్చు ఉంటుంది, సడలింపులు ఉంటాయి, కన్నుగప్పి దాటేవాళ్లూ ఉంటారు. హద్దు ఎలా నిలుస్తుందో తెలిసింది చాలావరకు దాటినవాళ్లను గమనించడం వల్లే.

లెక్కకు అందని చెట్లు

వ్యక్తి అనే భావన మొదట తడబడేది చెట్ల దగ్గర. శ్రీ సత్యసాయి జిల్లా కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాల్లో పరుచుకుని 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. దూరం నుంచి అది చిన్న అడవి. దగ్గరికి వెళ్తే వందలాది ఊడలు, ఏది మొదటి మానో ఏది తర్వాత దిగిందో తేల్చలేం. మొదటి మాను ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. కోల్‌కతా పక్కన హౌరా వృక్షోద్యానంలోని పెద్ద మర్రికి శిలీంధ్రం సోకితే 1925లో మూల కాండాన్ని తీసేశారు. మిగిలిన చెట్టు ఊడల మీదే నిలబడి ఇప్పటికీ పెరుగుతోంది. మర్రి కుటుంబంలో దీనికి పూర్తి వ్యతిరేకమైన సంగతి కూడా ఉంది. పనామాలో ఇతర చెట్ల మీద మొలిచి వాటిని చుట్టేసే మర్రి జాతుల కాండాలను 1991లో జన్యుపరంగా పరీక్షిస్తే, ఒక్క చెట్టుగా కనిపించినవాటిలో పలు విత్తనాల మొలకలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉన్నట్టు తేలింది. ఒకచోట ఒక్క విత్తనం అడవిలా కనిపిస్తుంది, మరోచోట గుంపు ఒక్క చెట్టులా కనిపిస్తుంది.

మామిడి తోటలో ఈ చిక్కును మనిషే తెచ్చిపెట్టాడు. టెంక నాటితే తల్లి గుణాలు నికరంగా వస్తాయన్న భరోసా లేదు కాబట్టి బంగినపల్లిని అంటు కట్టి పెంచుతారు. నాటు టెంక మొలక వేళ్లను ఇస్తుంది, బంగినపల్లి కొమ్మ కాయను ఇస్తుంది. ప్రతి అంటు చెట్టూ నేల కింద ఒకరు, నేల పైన మరొకరు. పైభాగాన్ని బట్టి చూస్తే మాత్రం తోటతోటంతా ఒకే పాత చెట్టు కొనసాగింపు. అమెరికాలోని ఊటా రాష్ట్రంలో 40 హెక్టార్లకు పైగా విస్తరించిన ‘పాండో’ అనే ఆస్పెన్ వనం ఇదే పనిని వేర్ల ద్వారా తనంతట తానే చేసుకుంది. వేల కాండాలకు జన్యుసంపద ఒక్కటే.

మొక్కలు అంటును భరించడానికి కారణం, జంతువుల్లోలా రక్తంలో తిరుగుతూ పరాయి కణాలను వేటాడే కాపలాదళం వాటికి లేకపోవడం. అందుకే దగ్గరి చుట్టాలైతే జాతి తేడా కూడా అడ్డు రాదు. వేరుకుళ్లు, వడలు తెగుళ్లున్న నేలల్లో వంగ వేళ్ల మీద టమాటా కొమ్మ అతికించడం ఇప్పుడు నర్సరీల్లో మామూలు పనే. అతుకు దగ్గర కలిసేది కణజాలమే తప్ప జన్యువులు కలవవని చాలాకాలం అనుకున్నారు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో రాల్ఫ్ బాక్ బృందం 2009లో ఆ నమ్మకాన్ని కదిలించింది. రెండు రకాల పొగాకును అంటు కట్టి చూస్తే, అతుకు దగ్గర ఒకదాని హరితరేణువుల జన్యువులు రెండోదాని కణాల్లోకి దాటాయి. 2014 నాటికి వాళ్లు ఇంకా ముందుకెళ్లి, పువ్వుతో పుప్పొడితో పని లేకుండా, అంటు అతుకు నుంచే రెండు పొగాకు జాతుల పూర్తి జన్యుసంపద కలిసిన కొత్త జాతి మొక్కను పెంచారు.

నాది, పరాయిది

జంతువుల్లో కథ వేరు. ఒకరి చర్మం మరొకరికి అతికిస్తే వారం పది రోజుల్లో ఊడిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో కాలిన గాయాలతో వచ్చిన వాయుసైనికులకు చికిత్స వెతుకుతూ పీటర్ మెడవార్ ఈ తిరస్కారాన్ని పట్టుకున్నాడు. రెండోసారి అదే దాత చర్మం అతికిస్తే ఇంకా త్వరగా ఊడిపోయేది. అంటే దేహం గుర్తు పెట్టుకుంటోంది.

మరి ఈ కాపలా పుట్టుకతోనే వస్తుందా, నేర్చుకుంటుందా? జవాబుకు దారి పశువుల కొట్టంలో దొరికింది. కవల దూడల్లో ఒకటి కోడె, ఒకటి పెయ్య అయితే ఆ పెయ్య సాధారణంగా గొడ్డుపోతుందని పాడి రైతులకు ఎప్పటినుంచో తెలుసు. కడుపులో రెండింటి మావులూ కలిసిపోయి, రక్తంతోపాటు హార్మోన్లు అటూఇటూ నడవడమే కారణం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో రే ఓవెన్ 1945లో అలాంటి కవలల రక్తం చూసి, ఒక్కో దూడలో ఇద్దరి కణాలూ ఉన్నాయని, జీవితాంతం గొడవ లేకుండా ఉంటాయని ప్రకటించాడు. పుట్టకముందు పరిచయమైనదాన్ని దేహం తనదిగానే లెక్కేస్తుందన్న ఆలోచనను ఫ్రాంక్ మాక్‌ఫార్లేన్ బర్నెట్ సిద్ధాంతంగా అల్లితే, మెడవార్ బృందం 1953లో ఎలుకల మీద రుజువు చేసింది. ఇద్దరికీ 1960లో నోబెల్ వచ్చింది. ఓవెన్‌కు అందులో వాటా దక్కలేదు. సైన్సు చరిత్రలో ఇలాంటి మరుపులు కొత్త కాదు గానీ, ఇది కాస్త పెద్దదే.

1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి ఇద్దరు అచ్చు కవలల మధ్య జరగడం యాదృచ్ఛికం కాదు. కాపలాను ఏమార్చే మందులు అప్పటికి లేవు, కాపలాకు పరాయిగా తోచని దాత కావాల్సి వచ్చింది. రక్తం విషయంలో ఇంకా కట్టుదిట్టం. ముంబయిలో వై.ఎం. భెండే బృందం 1952లో గుర్తించిన ‘బాంబే’ గ్రూపు వారికి, అందరికీ పనికొస్తుందని పేరున్న ‘ఓ’ రక్తం కూడా పడదు. భారతదేశంలో సుమారు పదివేల మందిలో ఒకరు ఈ గ్రూపువారు. ఎర్రకణం మీద ఒక్క చక్కెర అణువు తేడా, అంతే.

ఇంత కరుకైన కాపలా తొమ్మిది నెలలపాటు ఒకచోట మాత్రం మెత్తబడుతుంది. కడుపులోని బిడ్డ సగం పరాయి, తండ్రి వైపు జన్యువులు తల్లికి తెలియనివి. అయినా తల్లి దేహం ఎందుకు తోసేయదు అన్న ప్రశ్నను 1953లో మెడవారే వేశాడు. జవాబులో ఒక భాగం మావిలో ఉంది. తల్లి రక్తానికి ఎదురుగా ఉండే మావి పొర, విడివిడి కణాల వరుస కాదు. కణాలన్నీ కలిసిపోయిన ఒకే పెద్ద కణం. మధ్యలో సందులు లేవు కనుక తల్లి తెల్లకణాలు దూరే వీలు తక్కువ. ఆ కలిపే పని చేసే సిన్సిటిన్ ప్రోటీన్ జన్యువు అసలు మనది కాదని 2000లో బయటపడింది. కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకుల వీర్యకణంలోనో అండంలోనో చేరి తరతరాలుగా మిగిలిపోయిన ఒక రెట్రోవైరస్ పైతొడుగు జన్యువు అది. కణంలోకి చొరబడటానికి వైరస్ వాడిన పనిముట్టుతోనే తల్లికీ బిడ్డకూ మధ్య పొర తయారవుతోంది. మనిషి జన్యుసంపదలో 8 శాతం దాకా ఇలాంటి పాత వైరస్‌ల శిథిలాలే.

పొర ఎంత గట్టిదైనా పూర్తిగా మూసుకోదు. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉన్నప్పుడు, కాన్పు సమయంలో కలిసిన కాసింత రక్తమే తర్వాతి బిడ్డకు ప్రాణాంతకం అయ్యేది. 1968లో వచ్చిన యాంటీ-డి ఇంజెక్షన్ ఆ ముప్పును దాదాపు తుడిచేసింది. తక్కిన రాకపోకలు చప్పుడు లేకుండా సాగుతాయి. 1996లో డయానా బియాంకీ బృందం, మగబిడ్డను కని 27 ఏళ్లు గడిచిన ఒక స్త్రీ రక్తంలో ఇంకా మగ కణాలను గుర్తించింది. పిల్లల కణాలు తల్లిలో, తల్లి కణాలు పిల్లల్లో దశాబ్దాలు ఉంటాయని తర్వాతి పరిశోధనలు నిర్ధారించాయి. అవి గాయాన్ని మాన్పుతాయా, ఆటోఇమ్యూన్ జబ్బులు తెస్తాయా అన్న వాదం తెగలేదు. రెండు వైపులా ఆధారాలున్నాయి.

చట్టం మాత్రం ఒక దేహానికి ఒకే డీఎన్ఏ అని అనుకుంటుంది. 2002 ప్రాంతంలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రభుత్వ సాయం కోసం దరఖాస్తు చేసిన ఒక తల్లికి డీఎన్ఏ పరీక్షలో తన పిల్లలు తనవాళ్లు కాదని వచ్చింది. మోసం కేసు దాకా వెళ్లింది. తర్వాతి కాన్పుకు సాక్షిని పెట్టి మరీ పరీక్ష చేసినా అదే ఫలితం! చివరికి ఆమె కైమెరా అని, గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల్లో పిల్లలతో సరిపోయే రెండో డీఎన్ఏ ఉందని తేలి కేసు వీగిపోయింది. కడుపులోనే కలిసిపోయిన రెండు పిండాలు ఒక్క మనిషిగా ఎదిగాయన్నమాట. బుగ్గ లోపలి నుంచి దూదితో తీసిన నమూనా ఆ మనిషిని సగమే చూపింది.

సముద్రపు లోతుల్లో ఈ కలయిక జీవన విధానమే. ఆంగ్లర్ చేపల్లో కొన్ని రకాల మగవి వేలెడంత ఉంటాయి. చీకట్లో ఆడచేప తగిలితే పళ్లతో పట్టుకుంటాయి, తర్వాత చర్మం, రక్తనాళాలు కలిసిపోతాయి. ఇక జీవితాంతం ఆడచేప రక్తమే వాటికి ఆహారం. అవయవ మార్పిడి ఆసుపత్రుల్లో ఇన్ని మందులతో సాధించేదాన్ని చేప ఎలా చేస్తోంది? 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన జవాబు విస్మయకరం. శాశ్వతంగా అతుక్కునే జాతులు యాంటీబాడీల తయారీకి, పరాయిని గుర్తుపట్టడానికి కావలసిన కీలక జన్యువులనే వదిలేసుకున్నాయి. తక్కిన వెన్నెముక జీవులు అవి లేకుండా బతకలేవనుకునే జన్యువులవి. జత దొరకడం అంత అరుదైన చోట కాపలానే ఖర్చు కింద కొట్టేశాయి.

కాపలా కళ్లు కప్పి దాటే కణాలు కూడా ఉన్నాయి. వీధి కుక్కల్లో తరచుగా కనిపించే జననాంగ కణితి, పశువైద్యులు టీవీటీ అనేది, అంటుకునే జబ్బు. అయితే అంటించేది సూక్ష్మక్రిమి కాదు, కణితి కణమే. జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి మరో కుక్కకు కణాలు నాటుకుంటాయి. రష్యాలో మ్‌స్తిస్లావ్ నోవిన్‌స్కీ 1876లోనే కణితిని ఒక కుక్క నుంచి మరోదానికి నాటి చూపించాడు. ప్రపంచమంతటా ఉన్న ఈ కణితులకు మూలం ఒకే కుక్క అని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. అది ఆసియాలో 4,000 నుంచి 8,500 ఏళ్ల కిందట ఎప్పుడో బతికిందని 2019 నాటి అంచనా. కుక్క ఎప్పుడో పోయింది, దాని కణాలు మాత్రం ఇంకా విభజన చెందుతున్నాయి. దారిలో అలసిన తమ మైటోకాండ్రియాలను వదిలి, కొత్త కుక్కలవి పలుసార్లు తెచ్చుకున్నాయి కూడా. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్లకు ఇది చాలావరకు లొంగడం మన కుక్కల అదృష్టం. టాస్మేనియన్ డెవిల్ అనే జంతువుకు ఆ అదృష్టం లేదు. 1996లో కనిపించిన ముఖపు కణితి కాట్ల ద్వారా పాకి, సోకిన చోట్ల వాటి సంఖ్యను 80 శాతం దాకా తగ్గించింది.

ఇవన్నీ ఒకే జాతిలోని సంగతులు. 2015లో కొలంబియా నుంచి వచ్చిన నివేదిక ఆ గీతను కూడా దాటింది. హెచ్ఐవీతో రోగనిరోధక శక్తి అడుగంటిన ఒక రోగి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డలు దొరికాయి. ఆ కణాలు మరీ చిన్నవి, మనిషి కణాల్లా లేవు. డీఎన్ఏ చూస్తే అతని పేగుల్లోని బద్దెపురుగువి. పురుగుకు పుట్టిన క్యాన్సర్ మనిషిలో వ్యాపించింది.

కంచర గాడిద నుంచి కాకినాడ దాకా

జాతి అంటే ఏమిటన్నదానికి ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది: తమలో తాము సంతానం కంటూ, ఇతరులతో సంతాన బంధం లేని సముదాయం. దానికి వెంటనే చెప్పే ఉదాహరణ కంచర గాడిద. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, కంచర గాడిదకు 63. బేసి సంఖ్య కావడంతో వీర్యకణాలు, అండాలు తయారయ్యేటప్పుడు జతలు కుదరవు. మగవి ఎప్పుడూ గొడ్లే. ఆడవి మాత్రం ఎప్పుడో ఒకసారి ఈనిన దాఖలాలున్నాయి.

మగా ఆడా మధ్య ఈ తేడా ఊరికే వచ్చింది కాదు. రెండు జాతులు కలిసినప్పుడు సంతానంలో ఒక లింగం మాత్రమే గొడ్డుపోయినా, పుట్టకపోయినా, అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములు ఉన్న లింగమే అయ్యుంటుందని 1922లో జె.బి.ఎస్. హాల్డేన్ సూత్రీకరించాడు. క్షీరదాల్లో అది మగ, పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో ఆడ. వందేళ్లు దాటినా ఈ సూత్రానికి మినహాయింపులు అరుదు. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, 1961లో పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వమని రాసిపెట్టడంతో దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు. జాతుల మధ్య హద్దుల గురించి అంత స్పష్టంగా రాసిన మనిషి, దేశాల మధ్య హద్దులను మాత్రం ఏమాత్రం లెక్కచేయలేదు.

మేయర్ నిర్వచనం జంతువులకు బాగానే అమరుతుంది గానీ బిగుతుగా కాదు. గాలాపాగస్ దీవుల్లోని డాఫ్నే మేజర్‌లో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు దశాబ్దాలపాటు ప్రతి ఫించ్ పిట్టకూ గుర్తు కట్టి గమనించారు. 1981లో వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని దీవి నుంచి ఒక పెద్ద మగపిట్ట దారితప్పి వచ్చి స్థానిక జాతి ఆడపిట్టతో జత కట్టింది. దాని వారసుల ముక్కు వేరు, పాట వేరు. వాటిని స్థానికులు ఒప్పుకోలేదు. తమలో తామే జత కట్టి, కొద్ది తరాల్లోనే విడి వంశంగా నిలిచాయి. సంకరం అంటే గొడ్డుపోవడమే అనుకునేవారికి ఇది గట్టి సమాధానం.

మనిషి కూడా ఇందుకు మినహాయింపు కాదు. స్వాంటే పాబో బృందం 2010లో నియాండర్తాల్ జన్యుసంపదను చదివాక, ఆఫ్రికా వెలుపలి మూలాలున్న ప్రతి ఒక్కరిలో సుమారు 2 శాతం వాళ్ల వారసత్వం ఉందని తెలిసింది. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన ఎముక ముక్కలో తల్లి నియాండర్తాల్, తండ్రి డెనిసోవన్ అనే మరో పురాతన మానవ శాఖకు చెందినవాడు అయిన బాలికను 2018లో గుర్తించారు. ఇదేదో పాతరాతి యుగపు ముచ్చట కాదు. మూడో క్రోమోజోము మీద నియాండర్తాళ్ల నుంచి వచ్చిన ఒక ముక్క ఉన్నవారికి కోవిడ్ ముదిరే ప్రమాదం ఎక్కువని 2020లో హ్యూగో జెబర్గ్, పాబో చూపించారు. ఆ ముక్క దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉంది, ఐరోపాలో 16 శాతం మందిలోనే.

ఇక మనుషులు జంతువులను కలపడంలో చూపిన ఉత్సాహానికి ఆసియా సింహాల ఉదంతం చాలు. సర్కస్‌లలో ఆఫ్రికా, ఆసియా సింహాలను విచ్చలవిడిగా కలిపి పెంచారు. సర్కస్‌లలో సింహాల ప్రదర్శన మీద నిషేధం అమలయ్యాక ఆ సింహాల్లో చాలావాటికి విశాఖపట్నం, తిరుపతి జంతు పునరావాస కేంద్రాలు ఆశ్రయమిచ్చాయి. గిర్‌లోని ఆసియా సింహాల స్వచ్ఛత కాపాడాలని వాటిని ఈననివ్వలేదు, ఒక్కొక్కటే ముసలితనంతో పోయాయి. ఇంతలో 2017లో పిల్లి కుటుంబ నిపుణుల వర్గీకరణ సంఘం ఆసియా సింహాన్ని ప్రత్యేక ఉపజాతిగా తీసేసి, ఉత్తర, పశ్చిమ ఆఫ్రికా సింహాలతో ఒకే ఉపజాతిలో కలిపింది. కాగితం మీద గీత జరిగేసరికి, ఆ గీతను దాటి పుట్టాయన్న పేరుపడ్డ జంతువులు బోన్లలో బతుకు వెళ్లదీసేశాయి.

మొక్కల్లో జాతుల కలయిక ప్రమాదం కంటే పద్ధతి అనడమే సబబు. రొట్టె గోధుమ మూడు గడ్డి జాతుల కలయిక. మన చేలల్లో ఎక్కువగా పండే అమెరికన్ రకం పత్తి, పది ఇరవై లక్షల ఏళ్ల కిందట రెండు ఖండాల పత్తి జాతులు కలిసి 52 క్రోమోజోములతో ఏర్పడిన మొక్క. దేశవాళీ పత్తికి 26 మాత్రమే. పొందూరు ఖద్దరుకు వాడే కొండపత్తి ఈ రెండో వర్గానిది. 1972లో ధార్వాడలో విడుదలైన వరలక్ష్మి, రెండు పత్తి జాతులను కలిపిన హైబ్రిడ్.

జన్యువుల అడ్డదారులు

సంతానం ద్వారా కాకుండా పక్కదారిన జన్యువు దాటడం బాక్టీరియాలో నిత్యకృత్యం. చచ్చిన బాక్టీరియా నుంచి ఏదో పదార్థం బతికిన వాటిని మార్చేస్తోందని 1928లో ఫ్రెడ్ గ్రిఫిత్ గమనించాడు. అది డీఎన్ఏ అని 1944లో ఆస్వాల్డ్ ఏవరీ బృందం తేల్చింది. వాటి మధ్య జాతి అనే మాటకు అర్థం పలచన. చిన్న డీఎన్ఏ వలయాలు ఒక రకం నుంచి మరో రకానికి చేతులు మారుతుంటాయి. ఆ వలయాల్లో మందులను తట్టుకునే జన్యువులు ఉంటే ఆసుపత్రికి చిక్కు. బలమైన యాంటీబయాటిక్‌లను సైతం విరిచేసే ఎన్‌డీఎం-1 జన్యువు 2008లో ఢిల్లీలో చికిత్స పొందిన రోగిలో మొదట గుర్తింపు పొందింది. 2011లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఢిల్లీ నగరంలో పరీక్షించిన 50 తాగునీటి నమూనాల్లో 2, వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171లో 51 దాన్ని మోస్తూ కనిపించాయి. హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేశాక పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనబడింది. చికిత్సలో రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. ఇలాంటి నీటిలో తట్టుకునే జన్యువు ఉన్నదే బతుకుతుంది, బతికినదాని దగ్గర నుంచి పక్కవాటికి అందుతుంది.

పై స్థాయి జీవులు ఇలాంటి పని చేయవని అనుకునేవారు. జొన్న వేళ్లను పీల్చి బతికే జొన్నమల్లెలో జొన్న జాతి గడ్డి నుంచి వచ్చిన జన్యువు ఉందని 2010లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. పత్తి రైతును వేధించే తెల్లదోమ కథ ఇంకా పక్కాగా ఉంది. పురుగులను చంపడానికి మొక్క విషం తయారు చేస్తుంది, ఆ విషం తననే చంపకుండా విరుగుడు జన్యువునూ పెట్టుకుంటుంది. తెల్లదోమ ఆ విరుగుడు జన్యువునే మొక్క నుంచి ఎప్పుడో సంపాదించిందని 2021లో వెల్లడైంది. చిలగడదుంపలో అయితే అగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియా జన్యువులు వేల ఏళ్లుగా ఉన్నాయి. 2015లో పరీక్షించిన 291 సాగు రకాలన్నింటిలోనూ అవి దొరికాయి. జన్యు మార్పిడి పంటల తయారీకి ప్రయోగశాలలు వాడేది సరిగ్గా ఈ బాక్టీరియానే.

ఈ వెలుగులో చూస్తే 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి మీద ‘జాతుల హద్దు దాటారు’ అన్న అభ్యంతరం బలహీనమైనది. బాక్టీరియా జన్యువు మొక్కలోకి రావడం ప్రకృతికి కొత్త కాదు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: విత్తనం ధర, ప్రతి ఏడూ కొత్త విత్తనం కొనక తప్పని హైబ్రిడ్ పద్ధతి, చుట్టూ వేయాల్సిన బీటీయేతర పత్తి వరుసలను చాలామంది వదిలేయడం, చివరికి గులాబీ రంగు పురుగు బీటీ విషానికి అలవాటు పడటం.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే కలయిక ఏకంగా ఇల్లరికం అవుతుంది. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా అని 1967లో లిన్ మార్గులిస్ రాసిన వ్యాసాన్ని అచ్చుకు ముందు చాలా పత్రికలు తిప్పి పంపాయి. నేడది పాఠం. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు శిలీంధ్రం, శైవలం కలిసి కట్టుకున్న జీవి. దాన్ని ఒక్క మొక్కగా లెక్కించినవాళ్లు, 1860ల చివర్లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ రెండు జీవులని చెప్పినప్పుడు మండిపడ్డారు. మనిషి దేహంలోనూ మన కణాలు సుమారు 30 లక్షల కోట్లయితే, బాక్టీరియా 38 లక్షల కోట్లని 2016 నాటి లెక్క.

పంది కిడ్నీ

జాతుల హద్దును తెలిసి, ప్రయత్నపూర్వకంగా దాటడానికి మనిషి చేస్తున్న అతి పెద్ద ప్రయత్నం ఆపరేషన్ గదిలో నడుస్తోంది. గువాహటిలో 1997లో ధనీరామ్ బారువా ఒక రోగికి పంది గుండె పెట్టాడు. రోగి వారం బతికాడు, వైద్యుడు 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద జైలుకెళ్లాడు. అప్పటికి పంది కణం మీద ఉండే ఒక చక్కెర గుర్తును ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఆవులు, పందుల్లో ఉండి మనిషిలో లేని ఆ గుర్తుకు వ్యతిరేకంగా మన రక్తంలో ముందే యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి. పేగుల్లోని బాక్టీరియా వాటిని తయారు చేయించి పెడుతుంది. పరాయి అవయవం పెట్టిన నిమిషాల్లోనే నల్లబడిపోవడానికి కారణం ఇదే.

2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పది జన్యు మార్పులు చేసిన పంది గుండెతో ఒక రోగి రెండు నెలలు బతికాడు. ఆ గుండెతోపాటు ఒక పంది వైరస్ కూడా వచ్చిందని తర్వాత తేలింది. 2024 మార్చిలో బోస్టన్‌లో పెట్టిన కిడ్నీలో మార్పులు 69. వాటిలో 3 పంది చక్కెర గుర్తులను తీసేసేవి, 7 మనిషి జన్యువులను చేర్చేవి, మిగిలిన 59 పంది డీఎన్ఏలో దాగిన రెట్రోవైరస్ ప్రతులను నిర్వీర్యం చేసేవి. మనిషికీ పందికీ మధ్య ఉన్న అడ్డంకుల్లో వైద్యులు ఇప్పటిదాకా తొలగించగలిగినవి, ముందుజాగ్రత్తగా మూసినవి ఏమిటో ఆ పట్టికే చెబుతుంది. ఆ రోగి రెండు నెలలకు మరణించాడు, మరణం కిడ్నీ వల్ల కాదని ఆసుపత్రి ప్రకటించింది. 2025 జనవరిలో కిడ్నీ పొందిన మరో రోగి దాదాపు తొమ్మిది నెలలు డయాలిసిస్ లేకుండా గడిపాడు. అదే ఏడాది క్లినికల్ ట్రయల్స్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది.

ఆ ట్రయల్స్‌లో చేరేవారికి కొన్ని షరతులున్నాయి. పంది వైరస్ ఏదైనా దేహంలో స్థిరపడిందేమోనని వాళ్లను జీవితాంతం పరీక్షిస్తూ ఉంటారు. వాళ్లు రక్తదానం చేయకూడదు, వాళ్లతో సన్నిహితంగా మెలిగే కుటుంబసభ్యులు కూడా చేయకూడదు.